చెప్పిన నిమిషానికి మెరిసిన చుక్క

(సిద్దిపేటలో చదువు నేర్చుకున్న మహిళల కోసం చేసిన ప్రసంగ పాఠం)



పొద్దు గూకే వేళ. ఒక అమ్మ గడప ముందు కూర్చుంది. ఒళ్లో చాట. చాటలో తునికాకు, తంబాకు. బీడీలు చుడుతున్నది. వెయ్యి బీడీల లెక్క ఇంకా తీరలేదు. మెడ నొచ్చి ఒకసారి తల పైకెత్తింది.

ఉత్తరం దిక్కున మొగులు మీద ఒక చిన్న చుక్క కదులుతున్నది. విమానం కావచ్చు అనుకుంది. కానీ చప్పుడు లేదు. ఎర్ర దీపం లేదు. చూస్తుండగానే ఆ చుక్క పెద్దదైంది. ఇంకా వెలిగింది. వేగుచుక్క దాని ముందు దిగదుడుపే అన్నంతగా వెలిగింది. తర్వాత మెల్లగా మసకబారింది. ఒక బీడీ చుట్టి దారం కట్టేంత సేపు కూడా పట్టలేదు.

"ఓ వదినా, ఇటు రా! పైకి చూడు!" అని పిలిచింది. వదిన వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు.

"ఏం చూసినవే?"

"ఏమో వదినా. చుక్క ఒకటి పెద్దగ వెలిగింది. పోయింది."

"పొద్దంత వంగి కూసుంటే కండ్లు తిరిగినట్టున్నయి. ఇన్ని నీళ్లు తాగు."

ఇది కల్పించి చెప్పిన ముచ్చట. అందులోని వెలుగు మాత్రం కల్పన కాదు. 1997 నుంచి సుమారు ఇరవై ఏళ్ల పాటు ఇలాంటి వెలుగు ప్రపంచంలో ఎన్నో ఊళ్ల మీద మెరిసింది. దాన్ని 'ఇరిడియం తళుకు' అనేవారు. సిద్దిపేట మొగులు మీద కూడా అది మెరిసేది. చూసినవాళ్లు కొందరు. తల ఎత్తనివాళ్లే ఎక్కువ.

తళుకు కన్నా పెద్ద విశేషం ఇంకొకటి ఉంది. ఫలానా రోజు, ఫలానా గంట, ఫలానా నిమిషం, ఫలానా సెకనుకు, ఫలానా దిక్కున అది మెరుస్తుందని ముందే చెప్పినవాళ్లు ఉన్నారు. చెప్పినట్టే మెరిసేది. అలా చెప్పినవాళ్లు జోస్యులు కారు. జీతం తీసుకొని ఆ పని చేసిన పెద్ద శాస్త్రవేత్తలు కూడా కారు. పగలు తమ తమ పనులు చేసుకొని, రాత్రిపూట ఇష్టం కొద్దీ ఆకాశం చూసేవాళ్లు. వాళ్లు ఎలా చెప్పగలిగారు? ఈ రోజు ముచ్చట అదే.

ముందు ఆ చుక్క ఏమిటో తెలుసుకోవాలి.

చందమామ భూమి చుట్టూ తిరుగుతుంది. అందుకే దాన్ని ఉపగ్రహం అంటారు. మనుషులు కూడా యంత్రాలు తయారు చేసి, రాకెట్లతో పైకి పంపి, భూమి చుట్టూ తిరిగేలా చేశారు. అవి కృత్రిమ ఉపగ్రహాలు. మొట్టమొదటిది 1957 అక్టోబర్ 4న సోవియట్ రష్యా పంపింది. దాని పేరు స్పుత్నిక్. మన దేశపు మొదటి ఉపగ్రహం ఆర్యభట. 1975 ఏప్రిల్ 19న అది రష్యా నుంచి ఎగిరింది. తర్వాత మన నెల్లూరు సీమలోని శ్రీహరికోట నుంచే 1980 జులై 18న రోహిణి అనే ఉపగ్రహాన్ని మన రాకెట్‌తో పంపారు.

ఉపగ్రహానికి సొంత వెలుగు లేదు. మరి చీకట్లో ఎలా కనబడుతుంది? తాటిచెట్టును చూడండి. పొద్దు గూకినప్పుడు చెట్టు మొదట్లో నీడ పడుతుంది. మట్టల మీద మాత్రం ఇంకా ఎర్రటి ఎండ ఉంటుంది. చెట్టు ఎత్తు కాబట్టి దానికి పొద్దు ఇంకా కనబడుతున్నది. ఉపగ్రహం వందల కిలోమీటర్ల ఎత్తున పోతుంది. మన వాకిట్లో దీపం పెట్టినా, దాని మీద ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండే మనకు చుక్కలా కనబడుతుంది. అందుకే ఉపగ్రహాలు పొద్దు గూకిన తర్వాత కొంతసేపు, తెల్లారగట్ల కొంతసేపు బాగా కనబడతాయి. నడిరేయి వేళ చాలా ఉపగ్రహాలు భూమి నీడలో ఉంటాయి. అప్పుడు కనబడవు.

సరే. చుక్కలా కనబడితే సరిపోదా? అంత ధగధగ ఎందుకు?

అద్దం ముక్కతో పిల్లలు ఆడే ఆట అందరికీ తెలుసు. ఎండలో అద్దం పట్టుకుంటారు. ఎదురింటి గోడ మీద వెలుగు మచ్చ పడుతుంది. అద్దం కొంచెం తిప్పితే మచ్చ పరుగెత్తుతుంది. ఆ మచ్చ మొఖం మీద పడితే కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. పక్కన కూర్చున్న మనిషికి ఏమీ కాదు. తోమిన స్టీలు పళ్లెం ఎండలో పెట్టినా అంతే. ఒక చోట నిలబడితే కళ్లు చెదురుతాయి. రెండడుగులు జరిగితే అది మామూలు పళ్లెమే.

ఇరిడియం ఉపగ్రహాలకు అలాంటి అద్దాలు ఉండేవి. అద్దాలుగా పెట్టలేదు. అవి ఫోను మాటలను అందుకొని పంపే పలకలు. ఒక్కో ఉపగ్రహానికి మూడు పలకలు. ఒక్కో పలక ఇంటి తలుపంత ఉంటుంది. పొడవు 188 సెంటీమీటర్లు, వెడల్పు 86 సెంటీమీటర్లు. ఎండకు వేడెక్కకుండా వాటికి వెండి పూత ఉన్న పొర అతికించారు. అది అద్దంలా నున్నగా ఉంది. ఇంజనీర్లు వేడి గురించే ఆలోచించారు. కింద నేల మీద ఎవరి మొఖానో వెలుగు పడుతుందని వాళ్లు ఆ పని చేయలేదు.

ఈ ఉపగ్రహాలు ఎవరివి? అమెరికాలో మోటరోలా అనే కంపెనీ ఉంది. కొండల్లో, ఎడారుల్లో, నడిసముద్రంలో ఎక్కడి నుంచైనా ఫోను చేసే ఏర్పాటు చేయాలని ఆ కంపెనీ తలచింది. అందుకు 77 ఉపగ్రహాలు కావాలని మొదట లెక్క వేశారు. ఇరిడియం అనేది ఒక లోహం. దాని పరమాణువులో 77 ఎలక్ట్రాన్లు ఉంటాయి. అందుకని ఆ పేరు పెట్టారు. తర్వాత 66 చాలని తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1997 మే 5న మొదటి అయిదు ఎగిరాయి. సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో అవి తిరిగేవి. భూమిని ఒకసారి చుట్టి రావడానికి 100 నిమిషాలు పట్టేది.

వ్యాపారం మాత్రం సాగలేదు. 1998 నవంబర్‌లో ఫోన్లు మొదలయ్యాయి. ఫోను పెద్దది, బరువు. మాట్లాడితే ఖర్చు బోలెడు. 1999 ఆగస్టులో ఇరిడియం కంపెనీ దివాలా తీసింది. దాదాపు 500 కోట్ల డాలర్లు పెట్టి కట్టిన ఏర్పాటును చివరికి రెండున్నర కోట్ల డాలర్లకు వేరేవాళ్లు కొన్నారు. అంటే నూరు రూపాయల సొమ్ము అర్ధరూపాయికి పోయినట్టు. ఉపగ్రహాలన్నిటినీ కిందికి దించి కాల్చేద్దామని కూడా ఒక దశలో అనుకున్నారు. కొన్నవాళ్లు దొరకడంతో అవి పైనే ఉండిపోయాయి. తళుకులూ సాగాయి.

ఇక ముందే చెప్పినవాళ్ల సంగతి.

1997లో ఇరిడియం ఉపగ్రహాలు ఎగిరిన కొద్ది నెలలకే, ఆకాశం చూసే అలవాటు ఉన్నవాళ్లు ఈ వెలుగును గమనించారు. వాళ్లు ఏం చేశారు? గడియారం చూసి సమయం రాసుకున్నారు. ఏ దిక్కున, ఎంత ఎత్తున వెలిగిందో రాసుకున్నారు. తాము నిలబడిన చోటు రాసుకున్నారు. ఒకరు రాసింది ఇంకొకరికి పంపుకున్నారు. ఒక్కరు చూస్తే 'కండ్లు తిరిగినయి' అనవచ్చు. వేర్వేరు ఊళ్లలో పది మంది సమయంతో సహా రాస్తే అలా అనడం కుదరదు.

ఆ రాతలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడింది. ఈ ఉపగ్రహాలు గింగిరాలు తిరగడం లేదు. గుడిలో విగ్రహంలా ఎప్పుడూ ఒకే తీరుగా నిలబడి పోతున్నాయి. ఒక పలక ముందుకు, రెండు పలకలు వెనక చెరో పక్కకు. మూడూ 40 డిగ్రీలు వాలి ఉంటాయి. ఆ వాలు మారదు.

అద్దం వాలు తెలిసింది. సూర్యుడు ఏ క్షణాన ఎక్కడ ఉంటాడో లెక్క ఉంది. ఉపగ్రహం ఏ క్షణాన ఎక్కడ ఉంటుందో కూడా లెక్క ఉంది. అమెరికా రాడార్లు ఉపగ్రహాల దారులను కొలుస్తాయి. ఆ అంకెలను అందరికీ ఇస్తారు. వెలుగు అద్దం మీద ఎంత వాలుగా పడితే అంతే వాలుగా తిరిగి పోతుంది. ఇది ఎప్పుడూ తప్పని నియమం. ఈ నాలుగూ కలిపితే వెలుగు మచ్చ నేల మీద ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది.

సిద్దిపేట గొల్లభామ చీర నేసేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పోగులు లెక్కపెట్టి నేస్తేనే అంచు మీద భామ వస్తుంది. ఎన్ని పోగుల తర్వాత భామ చెయ్యి రావాలో, ఎన్ని పోగుల తర్వాత నెత్తిన కుండ రావాలో నేసే ఆమెకు ముందే తెలుసు. అది మహిమ కాదు. లెక్క. పోగు తప్పితే కుండ వంకరపోతుంది.

లెక్క పెద్దది కాబట్టి కంప్యూటర్‌తో చేయించారు. రాబ్ మాట్సన్ అనే ఆయన ఇందుకోసం ఒక ప్రోగ్రాం రాశారు. క్రిస్ పీట్ అనే ఆయన ఇంకా తేలిక చేశారు. మీ ఊరు ఏదో చెబితే చాలు, ఆ ఊరికి వచ్చే వారంలో ఏ తళుకులు కనబడతాయో పట్టిక వచ్చేది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

ఆ పట్టిక ఎలా ఉండేదో చూద్దాం. బస్సు టైముల పట్టిక లాంటిదే. ఒక వరుస ఇలా ఉందనుకోండి: సమయం 7 గంటల 14 నిమిషాల 32 సెకన్లు. ఎత్తు 40. దిక్కు 10. వెలుగు −6.

సమయం అర్థమైంది. ఎత్తు 40 అంటే ఏమిటి? నేల అంచు సున్నా. నడినెత్తి 90. దీన్ని కొలవడానికి సాధనం మీ చేతిలోనే ఉంది. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగించండి. ఒక కన్ను మూయండి. ఆ పిడికిలి కప్పినంత మేర దాదాపు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెడుతూ పొండి. నాలుగు పిడికిళ్ల ఎత్తు 40 డిగ్రీలు. తొమ్మిది పిడికిళ్లయితే నడినెత్తికి చేరతారు. మనిషి పొడుగైతే చెయ్యీ పొడుగే, పిడికిలీ పెద్దదే. కాబట్టి ఎవరి లెక్క వారికి ఇంచుమించు సరిపోతుంది.

దిక్కు కూడా అంకెతోనే. ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. దిక్కు 10 అంటే ఉత్తరం నుంచి ఒక పిడికిలి తూర్పుకు.

ఇక −6. అంకె ముందు ఉన్న చిన్న గీతను మరవకండి. చుక్కల వెలుగు లెక్క తిరగేసి ఉంటుంది. అంకె చిన్నదైన కొద్దీ వెలుగు ఎక్కువ. కంటికి ఆనీ ఆనని చుక్క 6. గీత పెట్టిన 6, అంటే −6, వేగుచుక్కను మించిన వెలుగు. ఆ ఒక్క గీత చూసుకోకపోతే అంతా తారుమారు అవుతుంది. ఇరిడియం తళుకుల్లో గొప్పవి −8 దాకా పోయేవి. వేగుచుక్క కన్నా ఇరవై ముప్పై రెట్లు ఎక్కువ అన్నమాట. కొన్ని పట్టపగలు కూడా కనబడేవి.

ఈ పట్టికలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఊరు. అద్దం వెలుగు మచ్చ గుర్తుందా? ఉపగ్రహం నుంచి నేల మీద పడే మచ్చ సుమారు 10 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ మచ్చ నేల మీద పరుగెత్తుతూ పోతుంది. మచ్చ నడుమ ఉన్నవాళ్లకు గొప్ప తళుకు. పక్కకు జరిగిన కొద్దీ మసక. హైదరాబాదు సిద్దిపేటకు దాదాపు 100 కిలోమీటర్లు. కాబట్టి హైదరాబాదు పట్టిక పట్టుకొని సిద్దిపేటలో నిలబడితే మిగిలేది మెడనొప్పే. కోమటి చెరువు కట్ట మీద నిలబడినవాళ్లకు కళ్లు చెదిరిన తళుకు, దుబ్బాకలో అదే నిమిషాన తల ఎత్తినవాళ్లకు మామూలు చుక్కలా తోచి ఉండవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతారు. ఎక్కడ నిలబడ్డారో రాయకపోతే ఇద్దరూ పోట్లాడుకుంటారు.

గడియారం సరిగా ఉండాలన్నది ఇంకో షరతు. అప్పట్లో వార్తలకు ముందు రేడియోలో వచ్చే కూత విని గడియారం సరిచేసుకునేవారు. ఇప్పుడు మొబైల్ ఫోనులో సమయం దానంతట అదే సరిగా ఉంటుంది. రెండు నిమిషాలు ఆలస్యంగా నడిచే గోడ గడియారాన్ని నమ్ముకుంటే, తళుకు వచ్చి పోయిన తర్వాత వాకిట్లోకి వస్తారు. తప్పు లెక్కదని తిట్టుకుంటారు.

మామూలు మనుషులు ఇలాంటి పని చేయడం కొత్త కాదు. స్పుత్నిక్ ఎగరడానికి ముందే అమెరికాలో ఫ్రెడ్ విప్పుల్ అనే శాస్త్రవేత్త 'మూన్‌వాచ్' అనే పేరుతో చూసేవాళ్ల బృందాలు తయారు చేయించారు. వాటిలో బడిపిల్లలు ఉన్నారు. ఇంటి పని చేసుకునే ఆడవాళ్లు ఉన్నారు. చిన్న దుర్బీను, గడియారం, కాగితం. అంతే వాళ్ల సరంజామా. పెద్ద కెమెరాలు సిద్ధం కాకముందు ఉపగ్రహాల దారి తెలుసుకోవడానికి వాళ్ల రాతలు పనికొచ్చాయి.

ఇంతకీ ముందే తెలిస్తే ఏం లాభం? అన్నం పెడుతుందా? ఇలా అడిగేవాళ్లు ఉంటారు. అడగాల్సిన మాటే. దానికి జవాబు 1979లో ఉంది.

ఆ ఏడు జులైలో స్కైలాబ్ పడుతుందన్న వార్త తెలుగు పల్లెలను కుదిపేసింది. స్కైలాబ్ అమెరికావాళ్లు 1973లో పైకి పంపిన పెద్ద స్టేషన్. బరువు 70 టన్నులకు పైనే. అది కిందికి దిగిపోతున్నది. ఎక్కడ పడుతుందో సరిగా చెప్పలేమని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు. ఊళ్లలో మాత్రం 'మన మీదనే పడుతది, అందరం పోతం' అన్న పుకారు పుట్టింది. ఎలాగూ చచ్చేదేనని కోళ్లు, మేకలు కోసుకొని తిన్నారు. గొడ్లను అగ్గువకు అమ్మారు. దాచిన పైసలు ఖర్చు చేశారు. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలోనే ఉంటారు. అడిగి చూడండి, నవ్వుకుంటూ చెబుతారు. అగ్గువకు అమ్ముకున్నవాళ్లు మాత్రం అంతగా నవ్వరు. అమ్మినవాడు ఉంటే కొన్నవాడూ ఉంటాడు కదా!

1979 జులై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ ముక్కలై పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. అక్కడి ఎస్పెరాన్స్ అనే ఊరి పాలకవర్గం, తమ నేల మీద చెత్త పడేసినందుకు అమెరికావాళ్లకు 400 డాలర్ల జరిమానా రాసింది.

ఇరిడియం తళుకును సెకనుతో సహా చెప్పగలిగినవాళ్లు స్కైలాబ్ పడే చోటును ఎందుకు చెప్పలేకపోయారు? ఇరిడియం 780 కిలోమీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి లేనట్టే. దాని దారి చెదరదు. స్కైలాబ్ కిందికి జారి, పలుచటి గాలిలో రాసుకుంటూ, ఒరుసుకుంటూ పోయింది. గాలి ఎంత గట్టిగా పట్టి లాగుతుందో ముందే కచ్చితంగా కొలవలేరు. తెలిసినంత వరకు చెప్పి, తెలియనిది తెలియదని ఒప్పుకోవడం అప్పుడు శాస్త్రవేత్తలు చేసిన పని. తెలియనిది కూడా తెలుసని చెప్పడం పుకారు చేసిన పని.

ఈ తేడా సిద్దిపేట ఆడవాళ్లకు ఇంకో రకంగా కూడా తెలుసు. 2016 అక్టోబర్ 11 దాకా సిద్దిపేట మెదక్ జిల్లాలో ఉండేది. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన ఘటనలు ఆ జిల్లా పల్లెల్లో జరిగాయి. కారణం తెలియని జ్వరం వస్తే, గొడ్డు చస్తే, వింత వెలుగు కనబడితే 'ఎవరు చేసిండ్రు?' అన్న ప్రశ్న ముందు పుడుతుంది. ఆ వేలు చాలాసార్లు దిక్కులేని ఆడమనిషి వైపే తిరుగుతుంది. 'ఎన్ని గంటలకు? ఏ దిక్కున? ఇంకెవరు చూసిండ్రు?' అని అడిగే అలవాటు ఒక్కరికైనా ఉంటే, ఆ వేలు అక్కడే ఆగుతుంది.

తళుకును ముందే చెప్పినవాడు ఎంత ధైర్యం చేశాడో చూడండి. 7 గంటల 14 నిమిషాల 32 సెకన్లు అన్నాడు. ఆ సమయానికి వెలుగు రాకపోతే అతని మాట తప్పని బడిపిల్ల కూడా చెప్పేస్తుంది. చెట్టు కింద కూర్చొని చెయ్యి చూసేవాడు అలా చెప్పడు. 'నీకు గండం ఉంది, తొందర్లో మంచి రోజులొస్తయి' అంటాడు. ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడగండి. కోపం తెచ్చుకుంటాడు. నూటపదహార్లు మాత్రం తీసుకుంటాడు.

పాత ఇరిడియం ఉపగ్రహాల కథ ముగిసింది. 2017 జనవరి నుంచి 2019 జనవరి దాకా కొత్తవాటిని పైకి పంపారు. కొత్తవాటికి ఆ వెండి పలకలు లేవు. పాతవాటిలో చాలావాటిని కిందికి దించారు. గాలిలో కాలిపోయాయి. కొన్ని మాత్రం చెడిపోయి ఇంకా పైనే ఉన్నాయి. అవి నిలకడగా లేవు, పొర్లుతూ పోతున్నాయి. ఎప్పుడైనా మెరవవచ్చు. ఎప్పుడో మాత్రం చెప్పలేరు. అవే పలకలు, అదే ఎండ. వాలు స్థిరంగా లేదు కాబట్టి లెక్క అందదు. ఒకటి మాత్రం ముందే ముక్కలైపోయింది. 2009 ఫిబ్రవరి 10న ఇరిడియం 33 అనే ఉపగ్రహాన్ని, పనిచేయని ఒక రష్యా ఉపగ్రహం సైబీరియా పైన ఢీకొట్టింది. రెండూ తునాతునకలయ్యాయి. ఆ ముక్కలు మిగతావాటికి ముప్పుగా తిరిగాయి.

తళుకులు పోయాయని చింత అక్కరలేదు. ఇప్పుడు చూడటానికి అంతకన్నా తేలికైనది ఉంది. అది అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. గంటన్నరకు ఒకసారి భూమిని చుడుతుంది. 2000 నవంబర్ నుంచి అందులో ఎప్పుడూ మనుషులు ఉంటున్నారు. 2025 జూన్ 26న మన దేశపు శుభాంశు శుక్లా అందులో అడుగుపెట్టారు. బాగా కనబడిన రోజు అది వేగుచుక్క అంత వెలుగుతో, అయిదారు నిమిషాలు తీరికగా పోతుంది. వదినను పిలిచే వ్యవధి ఉంటుంది.

దానికీ పట్టికలు ఉన్నాయి. ఇంట్లో పిల్లల మొబైల్ ఫోనులో చూపించమనండి. హైదరాబాదు పట్టిక దీనికి పనికొస్తుంది. పది పదిహేను సెకన్ల తేడా అంతే. తళుకులా ఇది సన్నని మచ్చ కాదు. వందల కిలోమీటర్ల మేర అందరికీ కనబడుతుంది. ఎక్కువగా పడమటి వైపు నుంచి వచ్చి తూర్పు వైపు పోతుంది. ఒక్కోసారి నడిమధ్య ఉన్నట్టుండి ఆరిపోతుంది. భయపడవద్దు. అది భూమి నీడలోకి పోయింది. తాటి మట్టల మీద ఎండ పోయినట్టు.

ఇంకొకటి కూడా కనబడవచ్చు. ముత్యాలు గుచ్చినట్టు చుక్కలు వరుసగా, ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. వాటిని స్టార్‌లింక్ అంటారు. ఇంటర్నెట్ కోసం పంపినవి. 2019 మే నెలలో మొదటిసారి 60 ఒకేసారి పంపారు. ఎగిరిన కొత్తలో అలా వరుసగా కనబడి, తర్వాత విడిపోతాయి.

చూడటానికి డాబా గానీ, కల్లం గానీ, చెరువు కట్ట గానీ బాగుంటుంది. వీధి దీపం కంట్లో పడకుండా నిలబడండి. ముందుగా ధ్రువ నక్షత్రం ఎటు ఉందో పోల్చుకుంటే ఉత్తరం తెలుస్తుంది. సిద్దిపేటలో అది నేల అంచు నుంచి రెండు పిడికిళ్ల కన్నా కొంచెం తక్కువ ఎత్తున ఉంటుంది. మంచపు కోళ్లు, పిల్లల కోడి, గొల్లకావడి మీకు తెలిసినవే. వాటిని గుర్తు పెట్టుకొని రాస్తే సరిపోతుంది. చలికాలం మొగులు తేటగా ఉంటుంది. వానకాలం నమ్మకం లేదు. మబ్బు పట్టిన రోజు 'మబ్బు' అని రాయండి. వట్టిగా వదిలేస్తే, చూడలేదో కనబడలేదో నెల తర్వాత మీకే తెలియదు.

పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు చాలు. అక్షరం వంకర పోయినా ఫరవాలేదు, అంకెలు మాత్రం సరిగా ఉండాలి. 1కీ 7కీ తేడా తెలిసేలా రాయండి. చూడగానే రాయండి, పొద్దున రాద్దామంటే నిమిషం మారిపోతుంది. మొదటి రోజు రాత ఇలా ఉంటే సరిపోతుంది:

"శనివారం. ఊరు సిద్దిపేట. రాత్రి 7 గంటల 21 నిమిషాలకు నైరుతి నుంచి చుక్క వచ్చింది. చప్పుడు లేదు. నాలుగు పిడికిళ్ల ఎత్తున పోయింది. ఈశాన్యంలో ఆరిపోయింది. వదిన కూడా చూసింది."